ఏతం మీద పిన్ని

మొన్న వేసవిలో ఉద్దానం వెళ్ళాను. వెళ్ళి చాలా ఏళ్ళయింది. పలాసలో పెద్ద బండి దిగి, పాసింజరు కోసం కాచుకుని, సుమ్మాదేవిలో దిగేసరికి మోకాళ్ళు రెండూ నన్ను తిట్టని తిట్టు లేదు. మా తోటని ఇప్పుడు చూసుకుంటున్నవాడు జగ్గారావు, మా పిన్ని మేనల్లుడి కొడుకు. బండి కట్టుకుని స్టేషనుకి వచ్చాడు. దారి పొడుగునా ఒకటే మాట, తోటలో కరెంటు మోటారు పెట్టించాడట, నేను చూసి తీరాలట. కాళ్ళు కడుక్కోనివ్వకుండానే లాక్కుపోయి మీట నొక్కాడు. గొట్టంలోంచి నీళ్ళు ఎగిరి దూకాయి. "సూసినావా అత్తా, ఒక్క ఏలు సాలు. రెండో మనిసి అక్కర్నేదు," అన్నాడు. మంచిదే కదా అన్నాను. ఇంతలో కంచెకి అవతల ఇంకో మోటారు చప్పుడు వినిపించింది. అదెవరిదని అడిగితే మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాళ్ళ అన్నదిట. ఒకే తోటని మధ్యకి కోసి, ఇద్దరూ చెరో బావీ తవ్వుకున్నారు. మాటల్లేవు. ఎందుకని అడిగాను. "ఏటో అత్తా, ఒకపాలి మాటా మాటా వచ్చింది," అన్నాడు. అంతకు మించి కారణం అతనికీ గుర్తున్నట్టు లేదు.

మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక పశువుల శాలలో నులకమంచం వేయించుకుని వాలాను. పైన దూలం కనిపించింది. దాని మీద వరసగా గాట్లున్నాయి. దూలానికి గాట్లెందుకుంటాయి అనుకుని, మరుక్షణం లేచి కూచున్నాను. జగ్గారావుని కేకేసి నిచ్చెన తెప్పించాను. "ఈ వయసులో నిచ్చెనేటి అత్తా, పడిపోతావు," అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు, నేను ఎక్కి ఒక గాటులో అరచెయ్యి పెట్టాను. అరిగి అరిగి నున్నగా, దొన్నె అడుగులా ఉంది. మా అయ్య పాదం, మా చిన్నాన్న పాదం, ఒకే ఒక్క పూట మా పిన్ని పాదం మోసిన ఏతం మాను అది. నిచ్చెన మీదే నిలబడి ఏడ్చాను. జగ్గారావు బెదిరిపోయి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. అప్పుడతనికి ఏమీ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను.

నన్ను కని మా అమ్మ పోయింది. పెంచింది మా పిన్ని తులసమ్మ, అయ్య తమ్ముడి భార్య. ఆవిడకి పిల్లల్లేరు, నాకు తల్లి లేదు, దేవుడే జత కలిపాడని ఊళ్ళో అనేవారు. మా ఇంటికి సముద్రం కనపడేది కాదు గానీ వినపడేది. చుట్టూ మొగలిపొదల కంచె, పెరట్లో పనసచెట్లు, కంచెకి అవతల నుయ్యి, ఏతం, ఆ వెనకంతా కొబ్బరితోట. పొద్దున్నే చోడి అంబలి ఉడికే వాసనతో మెలకువ వచ్చేది. పొయ్యిలో కొబ్బరిమట్టల పొగ, చూరుకి వేలాడదీసిన ఎండుచేపల నీచు, వేసవైతే మగ్గిన పనసకాయ, అన్నిటి మీదా పిన్ని చుట్ట వాసన. మా వేపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు, అంటే చుట్ట వెలిగించిన కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడం. కొత్తవాళ్ళు చూస్తే హడలిపోయేవారు. పిన్ని నోట్లో నిప్పు పెట్టుకునే వాకిలి ఊడ్చేది, అంబలి కలిపేది, నాకు జడలు లాగి లాగి అల్లేది. చుట్ట బయటికి తీసిందంటే మాత్రం మాటలే మాటలు. ఇంట్లో అందరి మీదా వేళాకోళాలాడేది, అయ్యతో సహా. "ఏటి బావా, ఈపూట ఎవుల మీద లేసినావు?" అని ఆవిడ అడిగితే మా అయ్య మూతి ముడిచి అవతలికి తిరిగేవాడు, నవ్వు కనపడకుండా.

అయ్య పేరు దండాసి. కోపం ముక్కు మీదుండేది. అన్నంలో రాయి తగిలితే కంచం పెరట్లోకి ఎగిరేది, ఎద్దు మొరాయిస్తే ముల్లుకర్ర విరిగేది. విసిరేసిన కాసేపటికి ఆయనే వెళ్ళి కంచం ఏరుకొచ్చి, ఎవరూ చూడకుండా కడిగి పెట్టేవాడు. ఆ కోపం నాకు పుష్కలంగా వచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎప్పుడో ఒకసారి నేను గొంతు పెంచితే మనవలు తలో గదిలోకీ జారుకుంటారు. చిన్నాన్న నీలకంఠం ఇంకో తరహా. ఎంత అన్నా నవ్వేవాడు, ఆ నవ్వు చూసే అయ్యకి ఇంకా మండేది. కానీ ఇద్దరూ ఏతం దగ్గర కలిసినప్పుడు చూడాలి. అన్న కింద పాట ఎత్తుకుంటే తమ్ముడు పైన అందుకునేవాడు. పాట ఆగకుండా నీళ్ళు ఆగకుండా, ఇద్దరివీ ఒకటే ఊపిరేమో అనిపించేది.

ఏతం చూడనివాళ్ళకి చెప్పాలి. నూతి పక్కన పాతిన గుంజల మీద, కాలు జారకుండా గాట్లు పెట్టిన పొడుగాటి మాను తక్కెడ కాడలా అడ్డంగా ఉంటుంది. నూతి వైపు కొసకి వెదురుగడ వేలాడుతుంది, గడ చివర బాన. ఒకరు మాను మీద ముందుకీ వెనక్కీ నడవాలి. ముందుకి నడిస్తే బాన నూతిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే పైకి లేస్తుంది. ఇంకొకరు నూతి అంచున నిలబడి గడ పట్టుకుని బానని ముంచాలి, పైకొచ్చాక కాలవలో ఒంపాలి. పైన ఉన్నవాడికి నూతిలోపల కనపడదు. అందుకని కిందివాడు "నిండింది" అని పిలవాలి. పైవాడు "వత్తన్నా" అని పలికి, అప్పుడు వెనక్కి అడుగెయ్యాలి. బాన నిండకుండా అడుగేస్తే అటు బరువుండదు, మాను ఒక్క ఊపున వెనక్కి పడుతుంది. అందుకే ఎన్ని గొడవలున్నా ఏతం మీద అబద్ధం పిలుపు ఎవరూ పిలవరు. నమ్మడమా మానడమా అనే ఆలోచనే ఉండదక్కడ.

చిన్నాన్న పడిపోయిన రోజుకి నాకింకా పాలపళ్ళు ఊడుతున్నాయి. మా తోటలో నాటడానికి పెంచుకున్న కొబ్బరిమొక్కలు కొన్నిటిని పిన్ని వాళ్ళన్నకి చిన్నాన్న ఇచ్చేశాడు, అయ్యతో మాట మాత్రం అనకుండా. అంతే సంగతి. పొద్దున్న అయ్యకి తెలిసింది. అంబలి తాగుతున్నంతసేపూ అరిచాడు, ఇంటికి పెద్దెవడు, నన్నడగొద్దా అని. చిన్నాన్న నవ్వుతూ, "ఎవులికిచ్చినా మొక్కే కదన్నా, నేలలోనే పెరుగుతాది," అన్నాడట. అలాగే ఇద్దరూ ఏతానికి వెళ్ళారు. ఆ రోజు పాట లేదు. అయ్య కింద నిలబడి తిడుతూనే ఉన్నాడు, ఆ తిట్ల ఊపులో బానని సరిగా ముంచకుండానే "నిండింది, నడూ" అని అరిచాడు. చిన్నాన్న "వత్తన్నా" అన్నాడు. వెనక్కి అడుగేశాడు. మాను ఎగిరింది. వెనక రాతిగట్టు మీద ఆయన నడుం పడింది.

తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. టెక్కలి నుంచి కట్లు కట్టే వైద్యుణ్ణి బండిలో తెచ్చారు. ఆకు పసరూ కోడిగుడ్డు సొనా కలిపి పట్టు వేశాడు, మళ్ళీ వచ్చి మళ్ళీ వేశాడు, మూడోసారి రమ్మంటే రాలేదు. నడుం నుంచి కిందికి చిన్నాన్న కాళ్ళు ఇక ఆయనవి కావు. పిన్ని వీధిలో నిలబడి మా అయ్య మీద దుమ్మెత్తి పోసింది. "నా మొగుడి కాళ్ళు తినేసినావు! నీ నోరు పడిపోను! ఒక్క పాలి బాన సూసుకోడానికి నీకు కోపం అడ్డమొచ్చినాదా!" అని గుండెలు బాదుకుంది. అయ్య గుమ్మంలో కూచుని అంతా విన్నాడు. ఆ మర్నాటి నుంచి పిన్ని ఆయనతో మాట్లాడ్డం మానేసింది. బావా అనే పిలుపు మా ఇంట్లో వినపడకుండా పోయింది.

ఒకే పొయ్యి, ఒకే కుండ. వేరుపడదామన్న మాట ఎవరూ ఎత్తలేదు. మంచాన పడ్డవాణ్ణి పట్టుకుని ఆవిడ ఎక్కడికి పోతుంది, చేతులారా చేసుకుని ఆయన ఎక్కడికి పోతాడు? మాటలన్నీ నా ద్వారా నడిచేవి. అయ్య ఎదురుగానే కూచుని ఉండేవాడు, పిన్ని నా వైపు తిరిగి, "గవురూ, మీ అయ్యకి సెప్పు, కూడు ఎట్టినాను," అనేది. అయ్య నా వైపు తిరిగి, "ఉప్పు సాల్నేదని సెప్పు," అనేవాడు. తర్వాత్తర్వాత ఉప్పు చాలకపోయినా చెప్పడం మానేశాడు. ఆయన ఒక అలవాటు చేసుకున్నాడు. కోపం వస్తున్నట్టు తెలియగానే లేచి నూతి దగ్గరికి పోయి, నోటి నిండా నీళ్ళు పట్టుకుని, బుగ్గలు పొంగించుకుని నిలబడేవాడు. మింగడు, ఉమ్మడు. ఆ నీళ్ళు నోట్లో వేడెక్కేదాకా అలాగే. ఊళ్ళో పిల్లలు చూసి నవ్వేవారు. పిన్ని కోపమొస్తే చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించేది. ఒకరి నోట్లో నిప్పు, ఒకరి నోట్లో నీళ్ళు, మధ్యలో మాటలన్నీ నావి. ఆ ఇంట్లో నేను ఎంత వాగుడుకాయగా తయారయ్యానో వేరే చెప్పక్కర్లేదు.

చిన్నాన్నకి మాత్రం అన్నీ మా అయ్యే చేసేవాడు. తెల్లారుతూనే భుజాన వేసుకుని తోటలోకి తీసుకుపోయేవాడు, కడిగేవాడు, వేణ్ణీళ్ళు కాచి ఒళ్ళు రుద్దేవాడు. ఎండ ముదిరాక పనసచెట్టు కింద మంచం వేసి పడుకోబెట్టేవాడు. అన్నదమ్ములు ఆ సంగతి గురించి ఒక్కసారీ మాట్లాడుకోగా నేను వినలేదు. ఏతం మాత్రం ఆగిపోయింది. నీళ్ళు కావిళ్ళతో మోసి తోటకి పోసేవాడు అయ్య, ఒక్కడే.

పిన్ని పీచుపనిలో పడింది. మా వేపు ఊళ్ళ పక్కనుండే చిత్తడినేలని బీల అంటారు. కొబ్బరి డొక్కల్ని ఆ బురదలో పాతిపెట్టి, కొన్ని నెలలు నానాక తవ్వి తెచ్చి, రాతి మీద పెట్టి కొయ్యసుత్తితో కొడితే పీచు విడుతుంది. ఆ కుళ్ళునీటి కంపు చేతులకి పడితే ఎన్ని తానాలు చేసినా పోదు. పిన్ని పక్కలో పడుకుంటే బీల వాసనొచ్చేది. ఇప్పుడెక్కడైనా మురుగు వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం మా పిన్ని చెయ్యి గుర్తొచ్చి కళ్ళు చెమరుస్తాయి. ఆవిడ కొట్టడం చూస్తే భయమేసేది. కసిగా, ఊపిరి బిగబట్టి, పళ్ళ మధ్య చుట్ట నలిగిపోయేలా కొట్టేది. పీచు పొడుగ్గా రాకుండా తునకలు తునకలైపోయేది. దాంతో తాడు పేనితే ఎక్కడికక్కడ తెగేది. తెగితే ఇంకా కసి.

ఒకరోజు చిన్నాన్న మంచం మీంచి పిలిచాడు. "ఒలే, నివ్వు కొట్టేది డొక్కనా, మా అన్ననా?"

పిన్ని సుత్తి ఆపింది. "డొక్కనే," అంది.

"మరి దాని మీద అంత కోపమేటి? అదేటి సేసింది నిన్ను?"

పిన్నికి నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. చిన్నాన్న ఆవిణ్ణి ఏడవనిచ్చాడు. తర్వాత అన్నాడు, "పడిన కొత్తలో నాకూ అంతేనే. కాళ్ళున్నోడైతే కోపమొత్తే నాలుగూళ్ళు తిరిగొత్తాడు. నాను ఎక్కడికెల్తాను? అది గుండి మీదెక్కి కూకునేది. మనసులో మా అన్నని రోజూ సంపేసేవోణ్ణి. పడుకుని పడుకుని సంద్రం ఇన్నాను. కెరటం లేత్తంది, ఇరుగుతంది. మళ్ళీ లేత్తంది. దానితో పాటు ఊపిరి తీసి, దానితో పాటు ఇడిసేవోణ్ణి. అలా సెయ్యగా సెయ్యగా ఒకనాడు ఎతికితే కోపం కనపణ్ణేదు. ఇను, నివ్వూ ఇను. కెరటం లేసినపుడు పీల్చు. ఇరిగినపుడు ఇడుసు. ఇడిసినపుడే కొట్టు."

పిన్ని ఒప్పుకోలేదు. నీకేటి, నివ్వు దేవుడివి, నాను మనిసిని అంది. కానీ మర్నాడు కొడుతూ కొడుతూ ఆగింది. చెవి సముద్రం వైపు పెట్టింది. మళ్ళీ కొట్టింది. చిన్నాన్న కళ్ళు మూసుకుని వింటూ, "బేగి వద్దు. కెరటానికి తొందర నేదు," అన్నాడు. ఒక్కరోజులో అయింది కాదది. కొన్నాళ్ళు బాగా సాగేది, అయ్య కళ్ళబడితే మళ్ళీ దెబ్బలు గట్టిపడేవి. చుట్టతో ఊపిరి నిండా తీసుకోలేకపోతున్నానని, పని చేసేటప్పుడు చుట్ట పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నెమ్మది నెమ్మదిగా పీచు పొడుగవుతూ వచ్చింది. ఎండలో ఆరేస్తే బంగారంలా మెరిసేది. ఆ పీచుతో పేనిన తాళ్ళు కాశీబుగ్గ సంతలో అడిగి మరీ కొనుక్కునేవారు. పేనుతున్నప్పుడు ఆవిడ మొహం చూస్తే, నాకు జడలు వేసిన పాత పిన్ని కొంచెం కొంచెంగా తిరిగొస్తున్నట్టుండేది. ఒకసారి అడిగాను, అయ్య మీద కోపం పోయిందా అని. తాడు వైపే చూస్తూ, "పోనేదు గవురూ. కూకుంది," అంది.

నా కోపానికి కూడా చిన్నాన్నదే వైద్యం. ఎవరి మీదైనా గింజుకుని కాళ్ళు నేలకేసి కొడుతుంటే దగ్గరికి పిలిచి, నా అరచెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకునేవాడు. "ఇదిగో, కెరటం పైకొత్తంది. ఇదిగో, కిందికెల్తంది. సూసినావా?" ఎముకలు తేలిన ఛాతీ. చెయ్యి లేచేది, దిగేది. నా ఊపిరి దానంతట అదే ఆయన వెంట నడిచేది. ఎందుకు అలిగానో మర్చిపోయి ఆ మంచం పక్కనే నిద్రపోయిన మధ్యాహ్నాలు ఎన్నో.

నాకు పరికిణీలు పొడుగు చేయించే ఈడు వచ్చిన వేసవిలో వానలు మొహం చాటేశాయి. నూతిలో నీళ్ళు అడుక్కి పోయాయి. చిన్నాన్నకి వీపంతా పుళ్ళు పడ్డాయి, జ్వరం విడిచేది కాదు. పడిపోవడానికి ముందు కంచెకి ఇవతల ఆయన చేతులతో నాటిన కొబ్బరిమొక్కలు మంచం మీంచి కనిపించేవి, ఆకులు ఎండి వేలాడుతూ. కావిళ్ళతో అయ్య ఎన్ని పోసినా ఇసక తాగేస్తోంది. ఊళ్ళో సత్తువున్న మగవాళ్ళు రైలుకట్ట పనులకి పోయారు. ఉన్నవాళ్ళని ఏతం ఎక్కమంటే, ఆ మాను మనిషిని తిన్నది, మేము ఎక్కమన్నారు. ఒక సాయంత్రం చిన్నాన్న పిన్నితో అన్నాడు, "ఏతం సద్దు ఇని ఎన్నేళ్ళయిందో. ఒకపాలి ఇని పోవాలనుందే."  పిన్ని చాలాసేపు పీచు పేనింది. అయ్య ఇవతలే కూచుని వింటున్నాడు. చివరికి ఆవిడ నా వైపు తిరిగి, "గవురూ, మీ అయ్యకి సెప్పు. పొద్దున్న బాన కట్టమను. మాను నానెక్కుతాను," అంది.

అయ్య లేచి నూతి దగ్గరికి పోయాడు. నోటి నిండా నీళ్ళు పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు. కోపమొచ్చి కాదని నాకు తెలుసు. అంత భయం మనిషి వీపులో కనిపించడం నేను మళ్ళీ చూడలేదు.

జగ్గారావు మోటారు మీట నొక్కి రెండో మనిషి అక్కర్లేదన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. అతని మీద నాకేం కోపం లేదు, నీళ్ళు సుఖంగా వస్తుంటే ఎవరు వద్దంటారు? కానీ ఇప్పుడు కోపాన్ని ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు మేపుకోవచ్చు. గోడ కట్టుకోవచ్చు, చెరో బావీ తవ్వుకోవచ్చు. ఎదుటివాడి పిలుపు వినకుండానే తోట పచ్చగా ఉంటుంది. మాకు ఆ వీలు లేకపోయింది. ఏతానికి రెండో మనిషి కావాలి, కోపమున్నా కావాలి. ఉన్న ఆ రెండో మనిషి మా పిన్నికి మా అయ్యే. మేమేదో మంచివాళ్ళమని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. గతి లేక కలిసి బతికాం, ఆ గతిలేనితనమే మాకు ఊపిరి తీసుకోవడం నేర్పింది. దానికి మేము చెల్లించినది మాత్రం నేను ఎవరికీ రావాలని కోరుకోను.

తెల్లవారాక అయ్య మంచాన్ని పనసచెట్టు కింద, ఏతం చప్పుడు బాగా వినపడే చోట వేశాడు. తమ్ముడి తల కింద దుప్పటి మడిచి పెట్టాడు. అక్కణ్ణించి కంచె అడ్డం, నుయ్యి కనపడదు, మాను కొస మాత్రం మొగలిపొదల పైన కనిపిస్తుంది. నన్ను చిన్నాన్న దగ్గర ఉండమన్నారు. పిన్ని చీర కచ్చ బిగించింది. నోట్లో చుట్ట తీసి నేలకి రాసి ఆర్పి, చూరులో దోపింది. బానకి తను పేనిన కొత్త తాడు కట్టించింది. భర్త వైపు ఒకసారి చూసింది. "ఇంటావు గదా?" అంది. చిన్నాన్న కళ్ళతోనే ఊ అన్నాడు. నా చెయ్యి తీసి గుండె మీద పెట్టుకున్నాడు.

మొగలిపొదల పైన మొదట మాను కదిలింది. తర్వాత పిన్ని తల కనిపించింది, భుజాలు కనిపించాయి. చేతులు పక్కలకి చాచి ఒక్కో గాటూ కాలితో తడుముకుంటూ ముందుకి నడిచింది. బాన నూతిలోకి దిగిన చప్పుడు, నీళ్ళలో మునిగిన చప్పుడు. అంతా ఆగింది. అయ్య గొంతు రాలేదు. ఏమని పిలుస్తాడు? తమ్ముణ్ణి తమ్మా అని పిలిచిన చోటది. బాన బరువుకి గడ కిర్రుమంటోంది. అప్పుడు వచ్చింది ఆయన గొంతు, నీళ్ళలోంచి వచ్చినట్టు.

"నిండిందమ్మా."

పిన్ని కదల్లేదు. మాను మీద, ఆకాశంలో నిలబెట్టినట్టు నిలబడిపోయింది. పలకందే అడుగెయ్యకూడదు. పలకడానికి ఆవిడ నోరు మూసుకుని ఏళ్ళయింది. నా చేతి కింద చిన్నాన్న ఊపిరి కూడా ఆగినట్టయింది. దూరంగా కెరటం లేచింది, విరిగింది. పిన్ని భుజాలు దానితో పాటు లేచి దిగడం నేను చూశాను.

"వత్తన్నాను బావా," అంది. వెనక్కి అడుగేసింది.

బాన పైకొచ్చింది. కాలవలో నీళ్ళు పడ్డాయి. చిన్నాన్న కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, పెదాల మీద పాత నవ్వు. మళ్ళీ నిండిందమ్మా, మళ్ళీ వత్తన్నాను బావా. పాట లేదు గానీ ఆ రెండు పిలుపులూ పాటలాగే నడిచాయి. కాలవ వెంట నీళ్ళు కంచె కిందుగా పాక్కుంటూ వచ్చి ఎండిన మొక్కల పాదులో చేరాయి. తడిసిన ఇసక వాసన వచ్చింది. చిన్నాన్న ఆ వాసన పీల్చాడు, నా చెయ్యి పైకి లేచింది. తర్వాత కిందికి దిగింది. మళ్ళీ లేస్తుందని చూస్తున్నాను. లేవలేదు.

కేక నా గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాను కూడా. కంచె పైన పిన్ని తల అటూ ఇటూ నడుస్తోంది. ఇప్పుడు నేను అరిస్తే ఆవిడ ఇటు తిరుగుతుంది, అయ్య చేతిలో గడ వదిలేస్తాడు. నాకు ఆ తర్వాత ఏమవుతుందో కళ్ళకి కట్టింది. నోరు మూసుకున్నాను. సముద్రం విన్నాను. కెరటం లేచినప్పుడు పీల్చాను, విరిగినప్పుడు విడిచాను. చల్లబడుతున్న గుండె మీంచి చెయ్యి తియ్యలేదు. ఆయన నాకు నేర్పిన విద్య మొదటిసారి నా అంతట నేను చేసింది ఆయన మీద చెయ్యి వేసుకునే. తోటంతా తడిసేదాకా వాళ్ళు తోడారు. అన్నిసార్లూ ఆయన పిలిచాడు, ఆవిడ పలికింది. నేనొక్కదాన్నే విన్నాను. చిన్నాన్న వినాల్సినది కూడా నేనే విన్నాను. ఈ వయసులో కూడా నాకు కోపమొచ్చినా దుఃఖమొచ్చినా ముందు ఊపిరి చూసుకుంటాను. అందరూ నేను పెద్దదాన్నయ్యాక నెమ్మదించానంటారు. నెమ్మదించింది ఆ పూటే.

పిన్ని పాదాలు నేలకి తగిలాయి. కంచె సందులోంచి తడి చీరతో, ఊపిరి ఎగపోసుకుంటూ వచ్చింది. ఎన్నేళ్ళకో మొహమంతా నవ్వు. "ఇన్నావా? మీ అన్న గొంతు ఇన్నావా?" అంటూ మంచం దగ్గరికొచ్చింది. భర్త మొహం చూసింది. గుండె మీదున్న నా చెయ్యి చూసింది, నన్ను చూసింది.  ఆవిడ అరవలేదు. ఒక్కసారి కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలికి తీసుకుని, విడిచింది. వెనకనుంచి అయ్య వస్తున్నాడు, చేతులు ఇంకా తడిగా, తమ్ముడు ఏమంటాడో వినాలని చంటిపిల్లాడిలా ఆత్రపడుతూ. పిన్ని మంచానికి అడ్డంగా నిలబడింది. ఎదురెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"ముందు నివ్విలా కూకో, బావా," అంది.

అయ్య కూచున్నాడు. అప్పుడు నేను ఏడ్చాను.